గాలి తగలకూడని ప్రాణం

వీధి చివరి ఇనుప డబ్బాలో చెత్త సంచులు వేసే వేళకి ఒమాన్‌లోని సహం ఊళ్ళో ఎండ కాస్త చల్లబడుతుంది. సముద్రం వైపు నుంచి ఎండుచేపల వాసన వస్తుంది. జైనబీ, పక్కింట్లో పనిచేసే శ్రీలక్ష్మి మాట్లాడుకునేది ఆ కాసేపే. ఆ సాయంత్రం శ్రీలక్ష్మి ముందే వచ్చి నిలబడింది. సంచి వేసేసినా కదలకుండా జైనబీ చేతుల వంక చూస్తోంది.

పనిచేసే ఇంట్లో పెళ్ళి అయిపోయినా జైనబీ చేతుల గోరింటాకు ఇంకా పోలేదు. వేళ్ళ చివర్లు నల్లగా, అరచేతుల్లో ఎర్రటి పెద్ద పెద్ద పూలు. ఒమానీ ఆడవాళ్ళు పెట్టుకునే తీరు.

"కడిగినా పోవట్లేదా?" అంది శ్రీలక్ష్మి.

"మంచి ఆకక్కా. మామానే పెట్టింది. మా ముసిలామె చిన్నబిడ్డ పెండ్లి గదా, నాకొద్దన్నా ఇనల్యా. నా చెయ్యి తన ఒళ్ళో పెట్టుకోని పెట్టింది. అరబ్బోళ్ళలో అట్టాంటి మామాలు యాడుంటారు చెప్పు?"

"మీ ఇంటావిడే పెట్టిందా?"

"ఆమే. పాటలప్పుడు నన్ను గూడా లేపి ఆడించిరి. నవ్వలేక సచ్చినా."

శ్రీలక్ష్మి కొంగుతో మొహం తుడుచుకుంది. ఆమెది కోనసీమ. గట్టిగా మాట్లాడే మనిషి. ఇప్పుడు గొంతు తగ్గించింది. "పిల్లా, ఓ మాట చెప్పాలి. చెప్పకపోతే నాకు అన్నం దిగట్లేదు. నా పేరు మాత్రం బయటికి రానీకు."

"ఏంది?"

"మీ అమ్మ చచ్చిపోయిందే."

జైనబీ చేతిలోని సంచి ఇంకా డబ్బాలో పడలేదు. దాన్ని లోపలికి జారవిడిచి, మూత వేసి, చేతులు దులుపుకుంది. తర్వాత మళ్ళీ మూత తీసి లోపలికి చూసింది, ఏదో పొరపాటున పారేసినట్టు.

"గోరింటాకు పెట్టే రోజుకి ముందే ఫోనొచ్చిందంట," అంది శ్రీలక్ష్మి. "మా అమ్మగారూ మీ మామా వంటింట్లో మాట్లాడుకుంటుంటే విన్నాను. ఇప్పుడు చెప్తే ఏడుస్తా కూర్చుంటది, పెళ్ళిపని ఎవరు చేస్తారు, అయ్యాక చెప్దాం అనుకున్నారు. అయ్యాకన్నా చెప్తుందేమోనని చూశాను. నిన్న మా అమ్మగారు అంటోంది, మట్టిలో పెట్టేశారు కదా, ఇంక చెప్పి ఏం లాభం అని."

"నీ ఫోనియ్యి అక్కా."

శ్రీలక్ష్మి అటూ ఇటూ చూసి నడుం దగ్గర దోపిన చిన్న నోకియా తీసింది. ఇంట్లోవాళ్ళకి తెలియకుండా దాచుకున్న ఫోను. గోడ నీడలోకి జరిగి జైనబీ రాయచోటి దగ్గర పల్లెలో ఉన్న తమ్ముడు ఖాదర్‌వలికి కలిపింది.

"ఎవురూ?"

"నేను అబ్బీ."

అవతల మోటారు సైకిలు ఏదో ఆగిన శబ్దం వినిపించింది.

"ఇప్పుడా అక్కా ఫోను చేసేది?" అన్నాడు.

"అమ్మ..."

"మూడోనాటి జారత్ కూడా అయిపోయినాది. నీకు చెప్పినామని ఆ ఇంటి ఆయమ్మ హిందీలో చెప్పింది. ఏడ్సింది, రాలేనంటాంది, మీరు కానిచ్చుకోండి అనింది. అక్కతో ఒక మాట మాట్లాడిపియ్యమ్మా అంటే పండుకోనుందనింది. పొద్దు గుంకేదాకా అమ్మను తియ్యకుండా పెట్టుకోని ఉంటిమి, నువ్వు మళ్ళా చేస్తావేమోనని."

"నాకు తెలీదు అబ్బీ. ఇప్పుడే తెలిసింది."

"తెలీదా?"

"మామా నాకు చెప్పల్యా."

"సరేలే అక్కా," అన్నాడు ఖాదర్‌వలి. కోపంగా కాదు. ఎదుటివాళ్ళు అబద్ధమాడుతుంటే పరువు తీయడం ఇష్టంలేనివాడు అనే మాట అది. "పెదనాయనోళ్ళు ఏందేందో అంటాండారు. తల్లి సచ్చినా పలకని బిడ్డ, అరబ్బు దుడ్లకు మరిగిందని. నేనేం అనల్యాలే. ఆయమ్మ నీకు చెప్పల్యాని ఎవురితో చెప్పేది? నమ్ముతారా?"

"నువ్వు నమ్ముతాండావా?"

"నువ్వు బాగుండక్కా," అని పెట్టేశాడు.

శ్రీలక్ష్మి ఫోను తీసుకుని నడుంలో దోపుకుంది. "ఏడవ్వే," అంది. "ఇక్కడే కాసేపు ఏడ్చుకో. లోపలికి పోయాక కుదరదు."

జైనబీకి ఏడుపు రాలేదు. అరచేతుల్లోని పూలను చూస్తూ, "ఇది ఎన్నాళ్ళకు పోతాదక్కా?" అంది.

*

ఇంట్లోకి వచ్చేసరికి హాల్లో చేపల అద్దాల తొట్టి ముందు మౌజా, జైనబీ మామా అని పిలిచే ఇంటి యజమానురాలు, కూర్చుని ఉంది. ఆడపిల్లల బడిలో జీవశాస్త్రం చెబుతుంది. భర్త ఎడారిలో చమురు బావుల దగ్గర డ్యూటీ. ఎప్పుడో తప్ప రాడు. అత్త మంచం మీది మనిషి. ఆ వృద్ధురాలిని ఇంటిల్లిపాదీ హబూబా, అంటే అవ్వ, అని పిలుస్తారు. ఆమె గది తలుపు తొట్టికి ఎదురుగా ఉంటుంది. పగలంతా అందులోని పసుపు తోక చేపల్ని చూస్తూ పడుకుంటుంది.

మౌజా చూసేది చేపల్ని కాదు. రాయి కింద నీడలో నిలబడిన నారింజరంగు స్పాంజిని. చేతివేళ్ళలా నాలుగైదు కొమ్మలు, వాటి నిండా చిన్న చిన్న కన్నాలు. చేపల బోనులో చిక్కిందని ఆమె అన్న సముద్రం మీదినుంచి బకెట్టులో తెచ్చాడు. ఆ బకెట్టును తొట్టిలోకి ఒంపడానికి మౌజా ఒప్పుకోలేదు. గిన్నెను బకెట్టులో ముంచి, స్పాంజిని నీళ్ళలోనే గిన్నెలోకి జరిపి, గిన్నెతో సహా తొట్టిలో ముంచింది. అప్పుడే జైనబీకి నేర్పింది.

"ఇది మొక్క కాదు, జంతువు. నోరు లేదు, కన్ను లేదు. ఈ కన్నాలతో నీళ్ళు తాగుతూ, పైన పెద్ద కన్నంలోంచి వదులుతూ బతుకుతుంది. బయటికి తీశావంటే కన్నాల్లోకి గాలి పోతుంది. మళ్ళీ నీళ్ళలో పెట్టినా ఆ గాలి బయటికి రాదు. లోపలినుంచి చచ్చిపోతుంది. పైకి మాత్రం కొన్నాళ్ళు బతికున్నట్టే కనపడుతుంది. అర్థమైందా, జైనబ్? గాలి తగలకూడదు."

ఈ సంగతి చెబితే శ్రీలక్ష్మి పడి పడి నవ్వింది. "గిన్నెలు తోమే దానికి ప్రాణమేంటే? అయితే నేను రోజూ శవంతో తోముతున్నానా?" అంది.

నవ్వినా నవ్వకపోయినా పని పనే. నీలం పీపాలో ఉప్పు కలిపిన నీళ్ళు రాత్రంతా మోటారుతో తిరగాలి. ఆవిరైన మేర మంచినీళ్ళు పోయాలి. స్పాంజి మీద దుమ్ము పేరితే రబ్బరు తిత్తితో నీళ్ళలోనే మెల్లగా ఊదాలి. ఫ్రిజ్‌లో పాల పక్కన ఉండే, స్పాంజికి మేతగా నాచు కలిపిన పచ్చనీళ్ళ సీసా తీసి, ముందు మోటారు ఆపి, సన్నటి గొట్టంతో దాని చుట్టూ పచ్చరంగు మబ్బులా వదలాలి. గట్టిగా వదిలితే కన్నాలు మూసుకుంటుంది. జైనబీ చెయ్యి నిదానం. వాళ్ళమ్మ దూది ఏకి పరుపులు కుట్టేది. దూదిని పట్టుకున్నట్టు పట్టుకోవడం ఆమెకు చిన్నప్పుడే వచ్చింది.

"స్పాంజికి పెట్టావా?" అంది మౌజా ఇప్పుడు.

"పెడతాండా మామా."

మోటారు ఆపింది. గొట్టం ముంచింది. పచ్చ మబ్బు స్పాంజి చుట్టూ తిరిగి మెల్లగా పలచబడింది. పక్కనే మౌజా గడ్డం కింద చెయ్యి పెట్టుకుని, పసిపిల్ల పాలు తాగుతుంటే చూసే తల్లిలా చూస్తోంది.

ఒక అవకాశం ఇవ్వాలనుకుంది జైనబీ. ఎందుకివ్వాలనుకుందో తెలియదు. బహుశా ఇంకా కొంచెం నమ్మకం మిగిలి ఉందేమో.

"మామా, మా ఇంటినించి ఫోనేమన్నా వచ్చిందా?"

మౌజా వెంటనే తల తిప్పలేదు. తిప్పినప్పుడు నవ్వుతోంది.

"చెప్పడం మర్చిపోయాను చూడు. పెళ్ళి గొడవలో పడి. మీ తమ్ముడు చేశాడు. అందరూ బాగున్నారు. మీ అమ్మ నీకు సలాం చెప్పమంది."

జైనబీ గొట్టాన్ని కడిగింది. సీసాకు మూత పెట్టింది. సీసాను మళ్ళీ పాల పక్కన పెట్టి ఫ్రిజ్ తలుపు వేసింది.

"నువ్వేమన్నావు మామా?"

"నేనూ సలాం చెప్పాను," అంది మౌజా.

*

మర్నాడు మౌజా బడికి పోయాక జైనబీ ముందు హబూబాకు గంజి తాగించింది, ఒళ్ళు తుడిచి పక్క మార్చింది. తర్వాత హాల్లోకి వచ్చి చేతులు మోచేతుల దాకా కడుక్కుంది, సబ్బు లేకుండా. తొట్టిలో చెయ్యి పెట్టేముందు సబ్బు వాడకూడదని మౌజా చెప్పింది. దాన్ని చంపడానికి పోతూ కూడా ఆ నియమం తప్పలేదని తర్వాత తట్టింది.

మోటారు ఆపింది. నీళ్ళు నిలిచాయి. స్పాంజి అంటుకుని ఉన్న చిన్న రాయి కిందికి రెండు చేతులూ పోనిచ్చి పైకెత్తింది.

చేపలు రాళ్ళ వెనక్కి పారిపోయాయి. స్పాంజి నీటి పైకి రాగానే కన్నాలన్నింట్లోంచీ నీళ్ళు దారాలు దారాలుగా కారాయి. నీళ్ళలో నిలబడి ఉన్న కొమ్మలు బయటికి రాగానే బరువుకు వాలి ఆమె మణికట్టు మీద పడ్డాయి. తడిసిన దూదిలా ఉంది. అంత మెత్తటిదని అన్నాళ్ళూ తెలియలేదు. ఎప్పుడూ ముట్టుకోలేదు మరి.

దారాలు చుక్కలయ్యాయి. ఆమె ఆ చుక్కల్నే చూస్తూ నిలబడింది. వాళ్ళమ్మ మొహానికి చివరిసారి గుడ్డ కప్పింది ఎవరో తెలియదు. పిన్నమ్మలు కడిగి ఉంటారు. ఆ వేళకి తాను ఏం చేస్తూ ఉండి ఉంటుంది? సమోసాలు వేయిస్తూ ఉండి ఉంటుంది. లేకపోతే మౌజా ఒళ్ళో చెయ్యి పెట్టి నవ్వుతూ.

"జైనబ్," గదిలోంచి హబూబా పిలిచింది. "చేపలు ఎక్కడికి పోయాయి?"

"వస్తాయి హబూబా. కడుగుతాండా."

చుక్కలు ఆగిపోయేదాకా పట్టుకుంది. తర్వాత రాయిని మెల్లగా నీళ్ళలోకి దించి, అదే నీడలో, అదే వాలుతో పెట్టింది. కొమ్మలు మళ్ళీ లేచి నిలబడ్డాయి. రంగు మారలేదు. ఒక్క కన్నం అంచున మాత్రం ఆవగింజంత గాలిబుడగ అంటుకుని ఉంది. రబ్బరు తిత్తితో ఊదితే అది కూడా లేచిపోయింది.

మోటారు వేసింది. చేపలు బయటికి వచ్చాయి. హబూబా "ఆ, వచ్చాయి," అంది తృప్తిగా.

*

బడినుంచి రాగానే మౌజా చెప్పులు విప్పకుండానే తొట్టి దగ్గరికి పోయింది. జైనబీ వంటింటి గుమ్మంలో ఉల్లిపాయలు తరుగుతూ చూసింది.

"ఈరోజు బాగా విచ్చుకుంది," అంది మౌజా. "గురువారం మా బడి టీచర్లు వస్తున్నారు దీన్ని చూడటానికి. ఇంట్లో స్పాంజిని బతికించినవాళ్ళు నేను తప్ప ఎవరూ లేరంటే నమ్మట్లేదు వాళ్ళు."

"రానీ మామా."

ఆ మాటతో జైనబీ లోపల ఏదో తియ్యగా పాకింది. రేకుల డబ్బా అడుగున చేతికి తగిలిన బెల్లం ముక్కలా. స్పాంజిని చంపడం ఆమె అనుకున్నంత పెద్ద పని కాదని అప్పుడు అర్థమైంది. అది చిటికెలో అయిపోయింది. అసలు పని ఇప్పుడు మొదలైంది: తనకు తెలిసి, మామాకు తెలియకుండా ఉండే ఈ రోజులు. మామా నవ్వుతుంటే చూడటం. మామా దానికి పాట పాడుతుంటే వినడం. "తింటోందా?" అని అడిగితే "తింటాంది మామా" అనడం. ఆ మాట అన్న ప్రతిసారీ జైనబీకి మామా గొంతే వినిపించేది: మీ అమ్మ సలాం చెప్పమంది.

రోజూ పచ్చనీళ్ళు పట్టింది. ఒక్కసారి కూడా మానలేదు. మబ్బు స్పాంజి చుట్టూ తిరిగి, ఎవరూ తాగకుండానే పలచబడి పోయేది.

సాయంత్రం చెత్త దగ్గర శ్రీలక్ష్మి అడిగింది. "ఏం చేద్దామనుకుంటున్నావే? గొడవ పెట్టుకోకు. పాస్‌పోర్టు వాళ్ళ బీరువాలో ఉంది."

"గొడవేం ల్యాదక్కా."

"మరి నీ మొహమేంటి అట్టా వెలుగుతోంది? నాకు భయమేస్తోంది నిన్ను చూస్తే."

"మామా ఇంటికి చుట్టాలొస్తాండారు. పనుంది," అంది జైనబీ.

గురువారానికి ఒక కొమ్మ చివర బూడిదరంగు వచ్చింది. గోరు మీది తెల్లమచ్చంత. జైనబీ తొట్టి దీపాన్ని కొంచెం పక్కకు తిప్పి ఆ కొమ్మను నీడలోకి నెట్టింది. ఇంకొక్క పూట కావాలి ఆమెకు.

టీచర్లు పైన తొడుక్కున్న నల్లటి అబాయాలు విప్పి కొక్కేలకు తగిలించి, సుగంధం పొగ పట్టించుకుని, తొట్టి ముందు చాప మీద కూర్చున్నారు. జైనబీ హల్వా పెట్టింది, ఖర్జూరాలు పెట్టింది, ఫింజాన్లలో, ఆ పిడి లేని చిన్న కప్పుల్లో, కాఫీ పోసింది. మౌజా తొట్టి పక్కన నిలబడి క్లాసులో చెప్పినట్టు చెబుతోంది.

"కన్ను లేదు, గుండె లేదు, మెదడు లేదు. అయినా బతుకుతుంది. ఊరికే నీళ్ళు తాగి వదలడమే దాని బతుకు. చెడు నీళ్ళు లోపలికి తీసుకుని మంచి నీళ్ళు బయటికి ఇస్తుంది."

"మా ఆయన దీనికి సరిగ్గా ఉల్టా," అంది లావుపాటి టీచరు ఒకామె. అందరూ నవ్వారు.

"ఇప్పుడు తాగుతోందా?" అడిగింది కళ్ళజోడామె, అద్దానికి ముక్కు ఆనించి. "కదలట్లేదే. బతికే ఉందా?"

"దాని కదలిక మనకు కనపడదు. జైనబ్, కాస్త పచ్చనీళ్ళు తీసుకురా, చూపిద్దాం."

జైనబీ తెచ్చింది. మోటారు ఆపి వదిలింది. మబ్బు తిరిగింది.

"చూశారా," అంది మౌజా. "ఎలా పీల్చుకుంటోందో."

"అవును, అవును," అంది కళ్ళజోడామె.

"ఆ కొసన తెల్లగా ఉందేమిటి?" అంది లావుపాటామె.

"కొత్త చిగురు. పెరుగుతోంది," అంది మౌజా, జైనబీ భుజం మీద చెయ్యి వేసి. "నాకంటే ఈ పిల్లే బాగా చూసుకుంటుంది. అడగండి కావాలంటే. జైనబ్, ఎలా ఉంది మన స్పాంజి?"

అందరూ జైనబీ వైపు తిరిగారు.

"బాగుంది మామా," అంది. "మీకందరికీ సలాం చెప్పింది."

ఆడవాళ్ళు పగలబడి నవ్వారు. లావుపాటామె కళ్ళు తుడుచుకుంటూ, "ఈ పిల్లను నాకిచ్చెయ్, మౌజా," అంది. మౌజా కూడా నవ్వింది, కానీ చివర్లో ఆ నవ్వు ఎక్కడో పట్టుకుని ఆగింది. జైనబీ మొహంలోకి ఒక క్షణం చూసింది. జైనబీ ఖాళీ ఫింజాన్లు ఏరుతోంది.

*

శుక్రవారం మధ్యాహ్నానికి ఇక దాచడానికి ఏమీ లేదు. స్పాంజి మీద పాల మీగడలాంటి పొర కట్టింది. నారింజరంగు పోయి, నానబెట్టిన శనగపిండి రంగు వచ్చింది. తొట్టి మూత తీయగానే కుళ్ళిన గుడ్ల వాసన కొట్టింది. ఒక చేప నీటి పైకి వచ్చి నోరు తెరుస్తోంది.

నమాజు బట్టల్లోనే వచ్చి మౌజా అద్దం ముందు మోకాళ్ళ మీద కూర్చుంది. వేలితో అద్దాన్ని తట్టింది.

"ఏమైంది దీనికి? నిన్న బాగుంది కదా."

"నిన్న బాగల్యా," అంది జైనబీ. పనివాళ్ళ అరబీలో చిన్న చిన్న మాటలే ఉంటాయి. అవే చాలు అనిపించింది. "నిన్నటికే సచ్చిపోయింది. మొన్నటికే. నేను పైకి తీసినా. గాలి తగిలింది."

మౌజా తలెత్తి చూసింది. "పొరపాటునా?"

"కాదు."

"నిన్న మరి... వాళ్ళందరి ముందు..."

"నీ ఇంట్లో చుట్టాలుండారు. నువ్వు నవ్వుతా ఉండావు. ఇప్పుడు చెప్తే ఏడుస్తావు, పని ఎవరు చేస్తారు? అయినాక చెప్దామనుకున్నా."

మౌజా మొహంలో రంగు మారడం జైనబీ చూసింది. దానికోసమే ఇన్నాళ్ళూ కాచుకుంది. అయితే అది వచ్చినంత త్వరగానే పోయింది. మౌజా లేచి బట్టలు సర్దుకుంది.

"ఎవరు చెప్పారు నీకు?"

శ్రీలక్ష్మి పేరు రానీకుండా జైనబీ తొట్టి మూత సరిచేసింది.

"నీ మంచి కోసమే చేశాను. నువ్వు పోయినా అప్పటికి పూడ్చేసి ఉండేవాళ్ళు. నాలుగు రోజులు సంతోషంగా ఉండనీ అనుకున్నాను. సొంత చెల్లెల్లా చూశాను నిన్ను. నా చేత్తో గోరింటాకు పెట్టాను." గొంతులో నిజంగానే బాధ ఉంది. "ఈ స్పాంజి పోతే పోయింది. మా అన్న ఇంకోటి తెస్తాడు."

ఇంకోటి తెస్తాడు. జైనబీ చేతులు కిందికి జారాయి. ఇన్నాళ్ళ తీపీ నోట్లోనే విరిగిపోయినట్టయింది. మామాకు కావలసింది ఎప్పుడైనా సముద్రంలోంచి ఇంకోటి వస్తుంది. ఆమెను కొట్టడానికి జైనబీ దగ్గర ఇంకేమీ లేదు.

"ఏమిటా వాసన?" గదిలోంచి హబూబా గొంతు. "ఏం చచ్చింది?"

"ఏమీ లేదు, హబూబా," అంది మౌజా వెంటనే, తేలిగ్గా, అలవాటైన మెత్తటి గొంతుతో. "అంతా బాగుంది. నువ్వు పడుకో."

ఆ గొంతు జైనబీకి తెలుసు. మామా పక్కనుంచి నడిచి హబూబా గదిలోకి పోయి మంచం కోడు పట్టుకుని కింద కూర్చుంది.

"మా యమ్మ సచ్చిపోయింది హబూబా," అంది.

ముసలామె చెయ్యి తడుముకుంటూ వచ్చి ఆమె తల మీద ఆగింది. "ఎప్పుడు తల్లీ? ఈరోజా?"

"నీ బిడ్డ పెండ్లికి ముందు. ఫోనొచ్చింది. మామా నాకు చెప్పల్యా. మా తమ్మునికి నేను రానన్నానని చెప్పింది. ఇదో, ఇది పెట్టింది." రెండు అరచేతులూ హబూబా కళ్ళ దగ్గర పెట్టింది. "మా యమ్మను కడుగుతా ఉంటే నేను ఆడతా ఉంటి."

హబూబా ఆ చేతుల్ని చాలాసేపు చూసింది. గుమ్మంలో మౌజా వచ్చి నిలబడింది.

"నా కూతురి పెళ్ళిలో," అంది హబూబా. "నా ఇంట్లో తల్లి చచ్చిన పిల్ల చేతులకు గోరింటాకు. మౌజా, ఇది నిజమేనా?"

"హబూబా, నీకు కష్టం కలక్కూడదని..."

"నేను చచ్చిపోతే నా కూతుళ్ళకు ఎప్పుడు చెబుతావు? వంటలయ్యాకా?"

మౌజా గుమ్మం వదిలి మంచం కాళ్ళ దగ్గరికి వచ్చింది.

జైనబీ స్పాంజి సంగతి కూడా చెప్పేసింది. దాచడం చాలు అనిపించింది. ముసలామె విని, "దానికేం పాపం?" అంది. జైనబీ తల వంచుకుంది. హబూబా, "ముందు దాన్ని బయటపడెయ్యండి, చేపలు చస్తాయి," అంది. "తర్వాత, మౌజా, ఫోను తీసుకురా. నా ముందు మాట్లాడు. ఈ పిల్ల తమ్ముడితో. తర్వాత వీధిలో ఆడవాళ్ళందరికీ కబురు పంపు. ఇంట్లో చావు జరిగింది. పరామర్శకు రమ్మను."

"పనిపిల్ల తల్లికా? ఇక్కడా? వాళ్ళేమంటారు?"

"ఈ ఇంట్లో నాకు పక్క మార్చే చేతులివి. వాళ్ళమ్మ కన్న చేతులు. ఏమంటారో నేను వింటాను."

*

ఫోను స్పీకరులో పెట్టి హబూబా మంచం మీద ఉంచారు. మౌజా వచ్చీరాని హిందీలో మొదలుపెట్టింది. "నేను జైనబ్‌కు చెప్పలేదు. తను రానని అనలేదు. నేను అబద్ధం చెప్పాను."

జైనబీ ఫోను దగ్గరికి జరిగింది.

"అబ్బీ," అంది జైనబీ.

"అక్కా," అన్నాడు ఖాదర్‌వలి. "తెలీదంటివి గదక్కా. చెప్తివి గదా. నేనే..." మళ్ళీ ఆగి, "ఉండు. పెట్టొద్దు. పెదనాయన రచ్చ కాడ ఉండాడు, పోతాండా. ఆయమ్మతో ఆ మాట మళ్ళా చెప్పియ్యి."

నడుస్తున్న చెప్పుల చప్పుడు, కుక్క అరుపు, మనుషుల మాటలు వినిపించాయి. పెదనాన్న ముందు మౌజా మళ్ళీ చెప్పింది. ఆయన పక్కనున్నాయన "ఏందంటాండాది?" అంటే ఖాదర్‌వలి తెలుగులో చెప్పి, "ఇంకొక సారి చెప్పమ్మా," అన్నాడు. తర్వాత పిన్నమ్మల దగ్గరికి పోయాడు. ప్రతి గుమ్మం దగ్గరా మౌజా అదే మాట చెప్పాల్సి వచ్చింది. చివరికి వచ్చేసరికి ఆమె హిందీ తడబడటం మానేసింది.

పిన్నమ్మ ఒకామె ఫోనులో, "మేయ్ జైనబీ, మీయమ్మ నీ పేరు పెట్టి పిలిచి పిలిచి పోయినాది మే," అంది. అప్పుడు వచ్చింది జైనబీకి ఏడుపు. మంచం పట్టెకు నుదురు ఆనించి, నోట్లో కొంగు కుక్కుకోకుండా, ఇంటికంతటికీ వినపడేలా ఏడ్చింది.

మర్నాడు ఆడవాళ్ళు వచ్చారు. కొందరు భక్తితో, కొందరు హబూబాకు భయపడి, కొందరు చూడటానికి. పెళ్ళిలో జైనబీ పళ్ళేలు మోసింది వీళ్ళకే. ఇప్పుడు ఒక్కొక్కరే వంగి ఆమె చెయ్యి పట్టుకుని, "అల్లా నీకు ఓర్పునివ్వాలి," అని గోడవారగా కూర్చున్నారు. ఆ చేతి ఎరుపు చూసి కొందరు చటుక్కున మౌజా వైపు చూశారు. శ్రీలక్ష్మి తన అమ్మగారి వెనక వచ్చి గుమ్మం పక్కన కూర్చుంది. ఎవరికీ తెలియని ఫోను నడుంలో ఉందన్న భయంతో కొంగు బిగించుకుని ఉంది.

జైనబీని మధ్యలో, హబూబాను తెచ్చి కూర్చోబెట్టిన కుర్చీ పక్కన, మంచి పరుపు మీద కూర్చోబెట్టారు. లేచి వంటింట్లోకి పోబోతే హబూబా మణికట్టు పట్టుకుంది. "కూర్చో. కాఫీ మౌజా పోస్తుంది."

మౌజా ఎడమచేత్తో కాఫీ కూజా, కుడిచేత్తో ఫింజాన్లు పట్టుకుని వచ్చింది. ఇక్కడి పద్ధతి జైనబీకి బాగా తెలుసు, ఇన్నాళ్ళూ ఆ కూజా మోసింది తనే. పోసే మనిషి కూర్చోకూడదు. తాగిన మనిషి ఫింజాన్‌ను అటూ ఇటూ ఊపి ఇస్తే చాలని అర్థం. ఊపకుండా చాస్తే మళ్ళీ పోయాలి. ఎన్నిసార్లు చాస్తే అన్నిసార్లు.

ముందు జైనబీకి పోసింది. చేదుగా, వేడిగా ఉంది. ఏలకుల వాసన. తాగి చాచింది. మౌజా పోసింది. గోడవారగా ఉన్నవాళ్ళు ఒక్కొక్కరే తాగి, ఫింజాన్ ఊపి ఇచ్చేశారు. మౌజా వాళ్ళ దగ్గర ఖాళీ ఫింజాన్లు తీసుకుని, మళ్ళీ జైనబీ దగ్గరికి వచ్చి నిలబడింది. జైనబీ తాగి చాచింది. మౌజా పోసింది.

మాటలు తగ్గాయి. పక్కింటావిడ తస్బీహ్ పూసలు తిప్పడం ఆపింది. మౌజా ఎడమచెయ్యి కూజా బరువుకు కిందికి వాలుతోంది. కాఫీ చుక్క ఒకటి అంచు మీదుగా జారి ఆమె వేళ్ళ మీద పడింది. తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు. వంగి పోస్తూ, జైనబీకి మాత్రమే వినిపించేలా, "చాలు, జైనబ్," అంది.

జైనబీ నిదానంగా తాగింది. అడుగున మిగిలిన నలుసు కూడా మింగింది. ఫింజాన్‌ను రెండు వేళ్ళతో పట్టుకుని, ఊపకుండా, ముందుకు చాచింది.